చీలమండ మీద కొత్త టాటూ: పొట్టు లేస్తుంటే పసుపు, కొబ్బరినూనె రాయొచ్చా?

చీలమండ పైన తీగా పువ్వుల టాటూ వేయించుకుని అయిదు రోజులైంది. రంగు రంగుగా పొట్టు లేస్తోంది, దురద ఆగట్లేదు. ఇంట్లో పసుపూ కొబ్బరినూనే రాయమంటున్నారు. వచ్చే ఆదివారం వైజాగ్ బీచ్‌కి వెళ్ళాలి. ఇదీ మీరడిగింది. టాటూలు వేయడమే నా పని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీ రంగు ఎక్కడికీ పోవట్లేదు. సూది సిరాను పైచర్మం దాటించి, సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతున, లోపలి పొరలో పెడుతుంది. అక్కడ ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని మింగి పట్టుకుని ఉంటాయి. పై పొరలో చిక్కుకున్న సిరా మాత్రం ఆ పొరతోపాటే ఊడిపోతుంది. దుప్పటి మీద రాలిన నల్లటి, ఎర్రటి పొట్టు అదే. ఉల్లిపొరలా పల్చగా లేచి, కింద చర్మం మెరుస్తూ, గీతలు మబ్బు పట్టినట్టు కనిపిస్తే సరిగ్గా మానుతున్నట్టే. ఆ మబ్బు విడవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అయితే మందంగా చెక్కు కట్టినచోట గిల్లారంటే లోపలి సిరా కూడా దాంతోపాటు వచ్చేస్తుంది, అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది. సగం లేచి వేలాడుతున్న పొట్టును కూడా లాగొద్దు.

పసుపు వద్దు. పచ్చబొట్లు పొడిపించుకున్న కాలంలో పసుపు రాసేవాళ్ళు, నిజమే. కానీ డబ్బాలో పసుపు ఎంత మంచిదైనా అది శుభ్రపరిచిన మందు కాదు. పొడి చెక్కులో ఇరుక్కుంటుంది, దాన్ని వదిలించడానికి రుద్దాల్సి వస్తుంది. శుక్రవారం కాళ్ళకు పసుపు రాసుకునే అలవాటుంటే మూడు నాలుగు వారాలు ఆ కాలిని వదిలేయండి. కొబ్బరినూనె చర్మం పూర్తిగా మూసుకున్నాక రాసుకోండి, ఇప్పుడు కాదు. డెట్టాల్, బెటాడిన్ రోజూ పూస్తే కొత్తగా పుడుతున్న కణాలే దెబ్బతింటాయి. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే యాంటీబయాటిక్ క్రీములకు కొందరికి ఎలర్జీ వస్తుంది, స్టెరాయిడ్ కలిసినవి మానడాన్నే ఆలస్యం చేస్తాయి. డాక్టరు రాస్తే తప్ప ఏదీ వద్దు.

చేయాల్సింది చాలా తక్కువ. రోజుకు రెండుసార్లు కడగాలి, దుమ్ములో తిరిగొస్తే మూడోసారి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గోరువెచ్చని నీళ్ళు చాలు, మీది బోరునీళ్ళ ట్యాంకైతే కాచి చల్లార్చినవి వాడండి. వాసనలేని లిక్విడ్ సోపు రెండు చుక్కలు అరచేతిలో నురగ చేసి, వేళ్ళ మెత్తటి భాగంతో పాముతూ కడగండి. పీచు, స్క్రబ్బరు తగలకూడదు. చీలమండ విషయంలో ఒక సంగతి చాలామంది మర్చిపోతారు: స్నానంలో ఒంటి మురికీ షాంపూ అంతా పాదాల మీదికే దిగుతుంది. అందుకని టాటూను అన్నిటికన్నా చివర కడగండి. చెంబుతో పోసుకుంటే పరవాలేదు, కాలు బకెట్లో నానబెట్టొద్దు. తర్వాత టిష్యూతో అద్దండి. తువ్వాలు వద్దు, దాని దారాలు చెక్కుకు పట్టుకుంటాయి. పది నిమిషాలు గాలికి ఆరనివ్వండి.

ఆ ఆరిన చర్మం మీదే మాయిశ్చరైజర్. అరచేయంత టాటూకి పెసరగింజంత సరిపోతుంది. రాశాక చర్మం మెత్తబడాలి గానీ నూనె పూసినట్టు మెరవకూడదు, మెరిస్తే టిష్యూతో అద్ది తీసేయండి. మా దగ్గరికి పాడై వచ్చే టాటూల్లో నిర్లక్ష్యం చేసినవాటికన్నా ప్రేమ ఎక్కువై క్రీము దట్టంగా పూసినవే ఎక్కువ. మందంగా పూస్తే కింద చెమట, తడి నిలిచిపోతాయి. చెక్కు నాని పచ్చిగా ఊడొస్తుంది, చుట్టూ చెమటకాయల్లా చిన్న కురుపులు లేస్తాయి. ఈ ఎండల్లో అది ఇంకా త్వరగా జరుగుతుంది.

దురదకు గోకొద్దు. శుభ్రమైన అరచేత్తో మెల్లగా తట్టండి, లేదా పల్చటి గుడ్డలో చుట్టిన ఐసును పక్కనున్న చర్మం మీద నిమిషంసేపు ఆనించండి.

ఆ కాలి పట్టీ తీసి దాచేయండి. నడిచినప్పుడల్లా అది ఒకేచోట ఒరుసుకుంటుంది, చెక్కు లేచిపోయేది కూడా సరిగ్గా అక్కడే. బిగుతు సాక్సు, చీలమండ దాటే బూటు రెండు వారాలు వద్దు. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు వదులైన కాటన్ ప్యాంటు ఆ చోటును కప్పితే దుమ్మూ ఎండా రెండూ తగలవు. సాయంత్రానికి పాదం బరువెక్కి వాస్తుంటే ఇరవై నిమిషాలు దిండు మీద పెట్టి పడుకోండి. రక్తం కిందికి దిగే చోటు కాబట్టి చేతి మీది టాటూకన్నా ఇక్కడ ఆలస్యంగా మానడం మామూలే.

బీచ్‌కి వెళ్ళండి, నీళ్ళలో మాత్రం దిగొద్దు. సముద్రం, నది, చెరువు, స్విమ్మింగ్ పూల్ ఏదైనా సరే, పొట్టంతా రాలి చర్మం మామూలుగా అయ్యేదాకా, అంటే మూడు నాలుగు వారాలు ఆగాలి. తడి ఇసుక కూడా తగలనివ్వకండి. పచ్చి చర్మం మీద సన్‌స్క్రీన్ రాయకూడదు కాబట్టి ప్రస్తుతానికి బట్టే అడ్డం. మానాక ఎండలోకి వెళ్ళినప్పుడల్లా ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్నది రాసుకుంటే ఎరుపు, పసుపు రంగులు త్వరగా వెలిసిపోవు. వ్యాక్సింగ్ కూడా కనీసం నెల తర్వాతే.

ఎప్పుడు అనుమానించాలంటే: మూడో రోజు దాటాక ఎరుపూ నొప్పీ తగ్గుతూ రావాలి, పెరగకూడదు. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. మర్నాటికి ఎరుపు ఆ గీత దాటితే, చీము వచ్చినా, చెడు వాసన వేసినా, పైకి ఎర్రటి చారలు పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవాళ్ళు పాదం దగ్గరి టాటూ విషయంలో ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఇంకొకటి తక్కువగా కనిపిస్తుంది గానీ తెలిసుండాలి: అంతా మానిందనుకున్నాక, రెండు మూడు వారాలకు, బూడిదరంగు షేడింగ్ ఉన్నచోట మాత్రమే ఎర్రటి గట్టి పొక్కులు లేవడం. సిరాను కుళాయి నీళ్ళతో పల్చన చేసినప్పుడు అందులోని ఒక రకం బ్యాక్టీరియా వల్ల ఇలా అవుతుంది. మామూలు యాంటీబయాటిక్‌కు చాలాసార్లు లొంగదు. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళి టాటూ ఎప్పుడు వేయించుకున్నారో తప్పకుండా చెప్పండి. ఎరుపు రంగు వేసిన పువ్వులే ఉబ్బి దురద పెడితే అది రంగుకు ఎలర్జీ కావచ్చు, నెలల తర్వాత కూడా రావచ్చు.

ఆరు వారాలయ్యాక పగటి వెలుతురులో చూసుకోండి. అప్పటికీ గీత తెగినట్టో, రంగు ఖాళీగానో ఉంటే వేసినవాళ్ళ దగ్గరే టచప్ చేయించుకోవచ్చు. అంతకంటే ముందు అదే చోట మళ్ళీ సూది పెట్టనివ్వకండి.