ధర దగ్గరే మొదలుపెట్టండి

ప్రశ్న: డిజైనర్లు, ఫొటోగ్రాఫర్లు, సంగీతకారులు ఉన్న బృందానికి వ్యాపార మెళకువలు నేర్పుతున్నాం. బిజినెస్ ప్లాన్‌తో మొదలుపెడితే రెండో వారానికే సగం మంది మానేశారు. ఏ పాఠంతో మొదలుపెడితే నిలబడతారు?

జవాబు: బిజినెస్ ప్లాన్‌ను చివరికి జరపండి. అప్పు కోసమో పెట్టుబడి కోసమో వెళ్లేవాళ్లకు అది అక్కరకొస్తుంది. మీ దగ్గరికొచ్చేవాళ్లను రోజూ వేధించేది 'ఈ పనికి ఎంత అడగాలి?' అన్నదే.

ఈమధ్యే పూర్తిచేసిన పని ఒకటి తెమ్మనండి. దానికి పట్టిన గంటలన్నీ కాగితం మీద పెట్టించండి. ఒక పోస్టర్ అనుకుందాం: గీయడానికి 9 గంటలు, క్లయింటుతో మాటలకు 3, మార్పులకు 4, ఫైళ్లు సిద్ధం చేయడానికి 1, డబ్బు కోసం వెంటపడటానికి 1. మొత్తం 18. ధర మాత్రం 9 గంటలకే కట్టి ఉంటారు. అంటే గంటకు అనుకున్నదాంట్లో సగమే చేతికొచ్చింది. ఈ లెక్క ఎవరిది వాళ్లే వేసుకోవాలి. బోర్డు మీద మీరు వేసి చూపిస్తే అది పక్కవాళ్ల సంగతిగానే ఉండిపోతుంది.

తర్వాత ఏడాది లెక్క. సెలవులకు, జబ్బులకు 6 వారాలు తీసేస్తే 46 మిగులుతాయి. వారానికి 40 గంటల చొప్పున 1,840. అందులో బిల్లు వేయగలిగేది సగమే అనుకోండి, 920. ఇంటి ఖర్చు, పనిముట్లు, సాఫ్ట్‌వేర్, పన్నులు అన్నీ కలిపి ఏడాదికి కావలసిన మొత్తాన్ని ఈ 920తో భాగించాలి. ఉద్యోగుల లెక్కన, అంటే 52 వారాలకు 40 గంటల చొప్పున వచ్చే 2,080తో భాగిస్తే, ఆ రేటుకి ఎంత కష్టపడినా కావలసినదాంట్లో సగం కూడా రాదు. అలాగని 920తో వచ్చిన రేటే ధర కాదు, అది అడుగు హద్దు. ఆ పనివల్ల క్లయింటుకు ఒరిగేది పెద్దదైతే ధరా పెరగాలి.

లెక్క వచ్చినా నోరు పెగలదు. అందుకే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి సాధన చేయించండి. ఒకరు ధర చెప్పి ఆగాలి, అవతలివాళ్లు జవాబిచ్చేదాకా మాట్లాడకూడదు. చాలామంది ఆ కాసేపు మౌనాన్ని తట్టుకోలేక 'కాస్త తగ్గిస్తాలెండి' అనేస్తారు. అది పోయేదాకా మళ్లీ మళ్లీ చేయించాల్సిందే. బేరమొస్తే పనిలో కోత పెట్టడం నేర్పండి: మూడు నమూనాల బదులు ఒకటి, రెండు విడతల మార్పుల బదులు ఒక విడత. పని అంతే ఉంచి ధర దించితే, మొదట చెప్పింది ఉత్తుత్తి ధరేనని క్లయింటు అనుకుంటారు. తర్వాతి పనికీ అదే బేరం.

ప్రశ్న: ఒప్పందాల పాఠానికి లాయర్‌ను పిలవాలా?

జవాబు: పిలవండి. కానీ ముందు నేర్చుకునేవాళ్లచేతే ఒక పేజీ ఒప్పందం రాయించి, దాన్ని లాయర్‌చేత దిద్దించండి. ఏమిస్తారు, ఎప్పటికి, మార్పులు ఎన్ని విడతలు, అడ్వాన్స్ ఎంత, మధ్యలో ఆగితే ఎంత అన్నవి చాలు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో రిజిస్టర్ చేయకపోయినా కాపీరైట్ పుడుతుంది. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మాత్రం నియమాలు దేశాన్నిబట్టి మారతాయి. 'హక్కులన్నీ రాసివ్వండి' అని క్లయింటు అంటే ఎక్కడ, ఎంతకాలం, దేనిమీద వాడతారు, మీరొక్కరే వాడతారా అని అడగడం అలవాటు చేయించండి. ఏడాదిపాటు ప్యాకెట్ మీద వాడుకోవడానికిచ్చిన బొమ్మను టీషర్టు మీద వేయాలంటే దానికి వేరే ధర కట్టాలి.