అడవిలో వేషం వేద్దాం రమ్మంటున్నారు, వెళ్లొచ్చా?

ప్రశ్న: అక్కా, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు వచ్చి ఏడాది కావస్తోంది. ఆఫీసు, రూము తప్ప వేరే లోకం లేదు. మా టీమ్‌లో ఒకతను లార్ప్ అంటూ వారాంతమంతా అడవిలో వేషాలు వేసుకుని ఉంటాం, నువ్వూ రా అని పిలుస్తున్నాడు. రూమ్మేట్లు నవ్వుతున్నారు. అమ్మకు చెబితే మతం మార్చే వాళ్లేమో, జాగ్రత్త అంటోంది. నాకు స్వీడిష్ అంతంతమాత్రం, పైగా శాకాహారిని. డబ్బు దండగ అవుతుందేమో అని కూడా ఉంది. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లు తమ్ముడూ. రూమ్మేట్ల మాట పక్కన పెట్టు. వాళ్లు నవంబరు నుంచి మార్చి దాకా నాలుగు గోడల మధ్య కూర్చుని, ఈ దేశంలో మనుషులు కలవరు అని చెప్పుకుంటూ ఉంటారు. నేనూ ఉప్సాలాలో మొదటి చలికాలం అలాగే గడిపాను కాబట్టి చెబుతున్నాను. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. ఇంటికి వీడియో కాల్ చేస్తే, అమ్మ అన్నం తిని పడుకుంటానని పెట్టేసే టైముకి ఇక్కడ ఇంకా ఐదున్నరే. ఆ ఐదున్నర నుంచి మర్నాడు పొద్దున దాకా ఎవరితో మాట్లాడాలో తెలిసేది కాదు. ఉగాదికీ సంక్రాంతికీ మన సంఘం వాళ్లు పిలుస్తారు, వెళ్లాలి కూడా. కానీ పండగ సాయంత్రాలతో ఏడాది నిండదు. డబ్బు దండగ అవుతుందా అని అడిగావు. ఒంటరితనం ఎంత దండగో నీకింకా తెలియదు. నాకు తెలుసు, అందుకే ఈ జవాబు పొడుగ్గా రాస్తున్నాను.

ముందు అమ్మ సంగతి. కూచిపూడి వైపు పగటివేషాలు ఆవిడకు తెలిసే ఉంటాయి. వేషగాడు పొద్దున్నే వేషం కట్టి వీధిలో నడుస్తుంటే ఊరంతా నిలబడి చూసేది. ఇదీ వేషమే, కానీ చూసేవాళ్లు ఉండరని చెప్పు. వచ్చిన ప్రతి ఒక్కరూ వేషంలోనే ఉంటారు. కథ ఎటు పోవాలో రాసిన స్క్రిప్టు ఉండదు, నీ పాత్ర ఎవరో ముందుగా పంపిస్తారు, మిగతాది అక్కడే పుడుతుంది. మతంతో సంబంధం లేదు. ఇక్కడి ప్రభుత్వం యువజన సంఘాలకు డబ్బిచ్చి పోషిస్తుంది, ఆ సంఘాల్లో ఆటల వాళ్ల సమాఖ్య స్వేరోక్ ఒకటి, 1988 నుంచి ఉంది. ఊళ్లలో లార్ప్ పెట్టే చిన్న చిన్న క్లబ్బులు చాలావరకు దాని కిందవే. 1994లో స్వీడన్‌లో ‘త్రెన్నె బ్యార్’ అని ఒక ఆట పెడితే సుమారు వెయ్యి మంది వచ్చి అడవిలో ఊళ్లే కట్టుకున్నారు. డెన్మార్క్‌లో హోబ్రో అనే ఊళ్లో ఓస్టర్‌స్కోవ్ అని హాస్టల్ బడి ఉంది, 2006లో మొదలైంది. అక్కడ పిల్లలకు లెక్కలూ చరిత్రా కూడా పాత్రలు వేయించి చెబుతారు. బడి పేరు చెబితే మన అమ్మలకు సగం భయం పోతుంది. మా అమ్మకు నేను చెప్పిందీ అదే.

నువ్వుండే గోథెన్‌బర్గ్‌లోనే, రేవులో మ్యూజియంగా నిలబెట్టిన ‘స్మోలాండ్’ అనే పాత యుద్ధనౌకను 2013లో అంతరిక్ష నౌకగా మార్చేసి ‘మానిటర్ సెలెస్ట్రా’ అనే ఆట ఆడారు. అదే ఏడాది ఫిన్లాండ్‌లో పాలస్తీనా వాళ్లూ ఫిన్నులూ కలిసి ‘హలత్ హిసార్’ పెట్టారు, ఫిన్లాండే ఆక్రమణలో ఉంటే అక్కడి యూనివర్సిటీ పిల్లల బతుకు ఎలా ఉంటుందని. కత్తులు, మంత్రగాళ్లు మాత్రమే కాదు తమ్ముడూ. కుటుంబం, జబ్బు, అప్పు, యుద్ధం, పెళ్లి, అన్నీ ఆటకు వస్తువులే. ఇక్కడి వాళ్లు దీన్ని ఎంత మనసు పెట్టి చేస్తారో చూస్తే నీకే గౌరవం కలుగుతుంది.

ఇప్పుడు నేను ఎక్కడ దెబ్బతిన్నానో చెబుతాను. నీకు పనికొచ్చేది అదే.

నా మొదటి ఆటలో నాకు ఇచ్చింది అప్పుల్లో మునిగిన ఒక మిల్లు యజమాని కూతురి పాత్ర. తండ్రి దొంగ లెక్కలు రాశాడని ఆమెకు మాత్రమే తెలుసు. నేనేం చేశాను? మనం చిన్నప్పటి నుంచి ర్యాంకుల కోసం చదివిన వాళ్లం కదా, పాత్ర కాగితం చేతికి రాగానే ప్రశ్నపత్రం ఇచ్చినట్టు కూర్చున్నాను. ఆ రహస్యం ఎవరికీ దొరకకుండా దాచాను. అప్పు తీర్చే ప్లాన్ వేశాను. బ్యాంకు మనిషిగా వచ్చినావిడను మాటలతో ఒప్పించి, శనివారం మధ్యాహ్నానికల్లా మిల్లును నిలబెట్టేశాను. గెలిచానని పొంగిపోయాను. తీరా చూస్తే నా చుట్టూ ఉన్న నలుగురికీ ఆడటానికి ఏమీ మిగల్లేదు. తండ్రి పాత్ర వేసినాయన పట్టుబడి, కూతురి ముందు కుప్పకూలే ఘట్టం కోసం వారాల తరబడి ఎదురుచూశాడట. నేను దాన్ని జరగనివ్వలేదు.

ఇక్కడి వాళ్లు ఓడిపోవడానికి ఆడతారు. రహస్యం ఉంటే అది బయటపడే దారి వాళ్లే తెరిచి పెడతారు. ఉత్తరం దాచాలంటే, ఎవరో ఒకరు వెతికే చోటే దాచాలి. నీ పాత్ర చెడిపోతేనే పక్కవాడికి ఏడవడానికో క్షమించడానికో అవకాశం వస్తుంది. ఇది వంటబట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. నువ్వు మొదటి ఆటకే తెలుసుకుని వెళుతున్నావు, అదృష్టవంతుడివి.

రెండోది ఇంకా పెద్దది. ఆట మొదలయ్యే ముందు వర్క్‌షాప్ ఉంటుంది, కొన్నిసార్లు సగం రోజు. భద్రతా సంకేతాలు అక్కడే నేర్పిస్తారు. ‘కట్’ అంటే ఆట ఆగిపోతుంది. ‘బ్రేక్’ అంటే ఇంత గట్టిగా వద్దు, తగ్గించు అని. చేత్తో కళ్లు కప్పుకుని నడిచి వెళ్లిపోతే ఎవరూ ఎందుకని అడగరు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపిస్తే ‘బాగానే ఉన్నావా’ అని అర్థం. బొటనవేలు పైకి చూపిస్తే బాగున్నట్టు, లేదంటే నిన్ను పక్కకు తీసుకెళతారు. ఇవన్నీ గబగబా స్వీడిష్‌లో చెబుతుంటే సగమే అర్థమైంది. మళ్లీ అడిగితే ఏమనుకుంటారోనని అన్నిటికీ తలూపాను.

ఆటలో ఒకాయన నా మీద అరిచాడు. పాత్రగానే అరిచాడు, నిజానికి నేను చెడగొట్టిన ఆటను తిరిగి నిలబెడదామని అరిచాడు. నాకు మాత్రం కాళ్లు వణికాయి. ‘బ్రేక్’ అన్న ఒక్క మాట చాలు, అది నోటికి రాలేదు. ఏడుస్తూ బయటికి నడిచాను. నటన అనుకుని అందరూ మెచ్చుకున్నారు. ఆదివారం ఆట అయిపోయాక అందరూ గుండ్రంగా కూర్చుని డీబ్రీఫ్ చేసుకుంటారు. ఏం జరిగింది, ఏది తగిలింది, ఎవరికి ఏం చెప్పాలి అని. చౌక టికెట్టు దొరికిందని తొందరగా వెళ్లే రైలు బుక్ చేసుకున్నాను. మొదటి మనిషి మాట్లాడుతుండగానే బ్యాగు తీసుకుని బయల్దేరాను. ఆ అరిచినాయన రెండు కప్పుల కాఫీ పట్టుకుని నన్ను వెతికాడని తర్వాత తెలిసింది.

ఆ వారం ఆఫీసులో ఎవరు కొంచెం గట్టిగా మాట్లాడినా గుండె దడదడలాడేది. ఎవరితో చెప్పుకోవాలి? ఇంట్లో చెబితే అసలెందుకు వెళ్లావంటారు. రూమ్మేట్‌కు అర్థం కాదు. పాత్రలోని బాధ మనలోకి కారడాన్ని వీళ్లు బ్లీడ్ అంటారు. అందరికీ వస్తుంది, మాట్లాడుకుంటే తగ్గుతుంది. నేను మాట్లాడే చోటు నుంచే పారిపోయి వచ్చాను, ఉన్న ఒంటరితనానికి ఇంకొంత జోడించుకున్నాను. ఆ చౌక టికెట్టుతో మిగిలిందల్లా నాలుగైదు వందల క్రోనార్లు. ఆ అరిచినాయనే ఒక ఉమ్మడి మిత్రుడి ద్వారా నంబరు తీసుకుని ఫోన్ చేయకపోయి ఉంటే నా లార్ప్ అక్కడితో ముగిసేది. ఇప్పుడు ఆయనా ఆయన భార్యా మా ఇంటి మనుషులు. మా పాప అన్నప్రాసనకు ధోవతి కట్టుకుని వచ్చాడాయన.

మూడో సంగతి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. ఆటలో మనుషులు ఎంత దగ్గరవుతారంటే, ఆదివారం రాత్రికి వీళ్లంతా నా ప్రాణస్నేహితులు అనిపిస్తుంది. సోమవారం నుంచి మెసేజ్ పెడితే మూడు రోజులకు ఒక ఎమోజీ పంపిస్తారు. నేను చాలా నొచ్చుకున్నాను. వాళ్లు మారిపోలేదు తమ్ముడూ. స్వీడన్ వాళ్లకు మాటలకంటే కలిసి చేసిన పనిలో చనువు పెరుగుతుంది. గుడారం పాతడం, బట్టలు కుట్టడం, గిన్నెలు కడగడం, ఆట అయ్యాక చెత్త ఏరడం, ఇవన్నీ జీతం లేని వాళ్లే చేస్తారు. మనం మాత్రం ఫీజు కట్టాం కదా అని అతిథుల్లా వచ్చి వెళతాం.

నేను రెండో ఏడు పాత్ర అడగలేదు, వంటలో చేరతానని రాశాను. అరవై మందికి పప్పు, అన్నం, క్యాబేజీ వేపుడు. ఉల్లిపాయలు తరుగుతూ, రాత్రి పదకొండుకు అంట్లు తోముతూ మాట్లాడుకున్న వాళ్లే ఇవాళ నా మనుషులు. వాళ్లలో ఒకమ్మాయి నాకు స్వీడిష్ నేర్పింది, క్లాసులో రాని స్వీడిష్. పాత్రలు తర్వాత వాటంతట అవే వచ్చాయి. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చి అడిగినా ముందు కిచెన్ టీమ్‌కు రాయమంటాను. ఆటలో ఒక గంట వచ్చి పోయే చిన్న పాత్రలకు కూడా మనుషులు కావాలి, అదీ మంచిదే. ఆటంతా చూడొచ్చు, భయం తక్కువ.

మిగతావి త్వరగా చెబుతాను. వీసా మీద ఉంటూ స్వచ్ఛందంగా పని చేయొచ్చా, అడవిలో మంటలు వేయొచ్చా, ఇన్సూరెన్స్ సంగతేమిటి, ఇవన్నీ అధికారిక సైట్లలో ఉంటాయి, చూసుకో. క్లబ్బులు పెట్టే అడవి ఆటలకు ఫీజు తక్కువే. కోటల్లో పెట్టేవి వేల క్రోనార్లు అవుతాయి, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు. శాకాహారం అసలు సమస్యే కాదు, ఫారంలో రాస్తే చాలు. బట్టలకు సెకండ్‌హ్యాండ్ షాపులకు వెళ్లు, ఉన్ని స్వెటర్, తోలు బూట్లు వెతుక్కో. జూలైలో కూడా రాత్రిళ్లు చలి కొరుకుతుంది. ప్రేమ సన్నివేశాలంటే బెంగ ఉంటే ఒక మాట: 2003లో ఒక స్వీడిష్ ఆట కోసం, చేతులు తాకుతూ ప్రేమను చూపించే పద్ధతి ఒకటి తయారు చేశారు, ఆర్స్ అమాండి అంటారు. ఇష్టం లేకపోతే అదీ అక్కర్లేదు, ముందే చెప్పేయొచ్చు. అక్కడ గోధుమరంగు మనిషివి నువ్వొక్కడివే కావచ్చు. రంగు మీద నడిచే పాత్ర వద్దనుకుంటే ఫారంలోనే రాయి, నిర్వాహకులు తప్పుగా అనుకోరు.

భాష కుదరకపోతే ఇంగ్లిష్‌లో జరిగేవి వెతుకు. 1997లో ఓస్లోలో మొదలైన క్నూటెపుంక్ట్ అని ఏటా ఒక సమావేశం జరుగుతుంది. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ వంతులవారీగా పెడతాయి, ఫిన్లాండ్‌లో పేరు సోల్ముకొహ్తా. అక్కడ అందరి మాటా ఇంగ్లిషే, ఒక గంటలోనో రెండు గంటల్లోనో అయిపోయే చిన్న ఆటలూ ఉంటాయి. అయినా నీ కొలీగ్ పిలిచిన ఆటే నీకు ముందు మంచిది, ఎందుకంటే అతను సోమవారం తర్వాత కూడా నీ పక్క కుర్చీలోనే ఉంటాడు.

అతనికి ఈ రోజే రాయి, వస్తాను, వంటలో కూడా సాయం చేస్తాను అని. వర్క్‌షాప్‌లో అర్థం కానిది వెంటనే చేయెత్తి ఇంగ్లిష్‌లో అడుగు. తిరుగు ప్రయాణానికి రైలు టికెట్టు ఇప్పుడే కొనకు, సామాన్లు సర్దడం అయ్యాక ఎవరి కార్లోనైనా చోటు అడుగు, దారిలో ఆట గురించి బోలెడు మాట్లాడుకోవచ్చు. సోమవారానికి సెలవు పెట్టుకో. ఆ రోజు ఒక్కడివే రూములో కూర్చోకుండా, మధ్యాహ్నం భోజనానికి ఎవరితోనైనా కలవాలని ఆదివారమే మాట తీసుకో.