రోమన్లు తాళంచెవిని ఉంగరంలా ఎందుకు పెట్టుకునేవారు?

ప్రాచీన రోమన్లు తాళంచెవిని వేలికి తొడుక్కున్నది ముఖ్యంగా వాళ్ల బట్టలకు జేబులు లేకపోవడం వల్లే. సోకు ఆ తర్వాతి సంగతి. ట్యూనిక్ అనే పొడవాటి చొక్కాకి గానీ, దానిపైన చుట్టుకునే టోగా అనే వస్త్రానికి గానీ జేబు ఉండేది కాదు. ఇంట్లోనేమో బానిసలు, పనివాళ్లు, వచ్చేపోయేవాళ్లు. నగలు, నాణేలు, పత్రాలు దాచిన చిన్న పెట్టెకు తాళం వేసి, చెవిని వేలికే ఉంచుకుంటే ఆ టెన్షన్ ఉండదు. పైగా, దాచుకోదగ్గ సొత్తు తమకుందని నలుగురికీ తెలుస్తుంది.

తవ్వకాల్లో దొరికే ఇలాంటి ఉంగరాల్లో ఎక్కువ భాగం కంచువే. ఒక రకం చూడండి: మామూలుగా రాయి పొదిగే చోట పళ్లున్న చిన్న ముక్క ఉంటుంది. దాన్ని తాళంలోకి దూరిస్తే, గడియ రంధ్రాల్లోకి దిగి ఉన్న చిన్న పిన్నులను ఆ పళ్లు పైకి నెట్టేస్తాయి. అప్పుడు చెవిని పక్కకు జరిపితే గడియ కూడా దాంతోపాటే జరుగుతుంది. తిప్పి తెరిచే రకాలూ ఉన్నాయి.

చాలామంది వీటిని ఇంటి తలుపు తాళంచెవులు అనుకుంటారు. కాదు. వీధి తలుపు చెవులు చాలా పెద్దవి, వేలికి పట్టేవి కావు. ఇక ఇవన్నీ పెళ్లి ఉంగరాలేననే మాట కూడా వినిపిస్తుంది. విడాకులప్పుడు భార్య దగ్గర తాళంచెవులు తీసేసుకునే ఆచారాన్ని రోమన్ వక్త సిసిరో ప్రస్తావించిన మాట నిజమే, కానీ అవి ఉంగరాలని ఆయన ఎక్కడా అనలేదు.