టెక్ సందేహాలు: ఫైర్‌స్టీల్ గీస్తే రవ్వ రాదేం?

ప్రశ్న: క్యాంపింగ్‌లో నిప్పు రాజేయడానికి ఫైర్‌స్టీల్ (గీస్తే రవ్వలు రాలే లోహపు కడ్డీ) కొన్నాను. దాంతోపాటు వచ్చిన చిన్న ఉక్కు పలకతో ఎంత గీసినా రవ్వ రావడం లేదు. నకిలీదంటారా?

జవాబు: ముందు కడ్డీ మీద నల్లటి పూత ఉందేమో చూడండి. తేమ తగలకుండా తయారీలోనే వేసే పూత అది. అది ఉన్నంతసేపు రవ్వ రాదు. గట్టిగా నొక్కి ఒకే పక్కన పదిసార్లు గీకితే పూత ఊడి వెండిరంగు లోహం బయటపడుతుంది. చుట్టూ గీకేయకండి, మిగతా వైపుల పూత కడ్డీని కాపాడుతూనే ఉంటుంది.

పూత పోయాక కూడా రవ్వ రాకపోతే లోపం దాదాపుగా పలకదే. చాలామంది ఫైర్‌స్టీల్‌ను పాతకాలపు చెకుముకి లాంటిదే అనుకుంటారు గానీ, పని తీరు పూర్తిగా తలకిందులు. చెకుముకిలో రాయి ఉక్కును చెక్కుతుంది, మండేది ఉక్కు రజను. ఇక్కడ ఉక్కు పలక కడ్డీని చెక్కుతుంది, మండేది కడ్డీ రజను. పేరులో స్టీల్ ఉన్నా ఆ కడ్డీ ఉక్కు కాదు, ఫెర్రోసీరియం అనే మిశ్రమలోహం. అందులో సీరియం, లాంథనం లాంటి రేర్ ఎర్త్ లోహాలు, ఇనుము, కొంత మెగ్నీషియం ఉంటాయి. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1903లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. గ్యాస్ దీపాలకు మాంటిల్ (మంట వేడికి తెల్లగా వెలిగే వల) కనిపెట్టిందీ ఆయనే. మాంటిళ్ల కోసం మోనజైట్ ఇసుక నుంచి థోరియం తీశాక రేర్ ఎర్త్ లోహాలు కుప్పలుగా మిగిలిపోయేవి. వాటిని వృథా పోనివ్వకుండా చేసిన ప్రయత్నాల్లోంచే ఈ లోహం పుట్టింది. సిగరెట్ లైటర్లో మనం 'రాయి' అనేది కూడా ఇదే.

సన్నటి పొడిగా ఉన్న సీరియం 150 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడికే గాలిలో అంటుకుంటుంది. గీకినప్పటి ఒరిపిడే అందుకు చాలు. అంటుకున్నాక రవ్వ వేడి దాదాపు 3,000 డిగ్రీలకు చేరుతుంది. అందుకే పలక కడ్డీ మీద జారిపోకూడదు, దాన్ని చెక్కాలి. పలక అంచు మీద గోరు పెట్టి లాగి చూడండి. గోటి నుంచి తెల్లటి పొడి రాలితే అంచు సరిగ్గా ఉన్నట్టు. జారిపోతే అంచు గుండ్రంగా ఉంది, ఆకురాయితో లంబకోణం వచ్చేలా అరగదీయండి. విరిగిన హాక్‌సా బ్లేడు ముక్క వీపు అంచు కూడా బాగా పనిచేస్తుంది. కడ్డీతో ఉచితంగా వచ్చే పలకల కన్నా నాకు అదే నమ్మకం.

ప్రశ్న: గీకడానికి చాకు వాడొచ్చా?

జవాబు: వీపు వాడండి, పదును వైపు వద్దు. వీపు అంచు లంబకోణంలో ఉండాలి. గుండ్రంగా నునుపు చేసిన వీపుతో లాభం లేదు.

ప్రశ్న: ఏ సైజు కొనాలి? మెగ్నీషియం దిమ్మతో వచ్చేవి మంచివా?

జవాబు: 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, అరచేతి వెడల్పుకు తగ్గని పొడవు ఉన్నది తీసుకోండి. కడ్డీ పొడవుగా ఉంటే ఒక్క లాగుడులో ఎక్కువ రవ్వలు రాలుతాయి. తాళాల గుత్తికి తగిలించే సన్నటివి అత్యవసరానికి మాత్రమే. ఈ లోహం పెళుసు, గట్టిగా నొక్కితే సన్నటి కడ్డీ విరుగుతుంది.

కడ్డీల్లో మెత్తనివి, గట్టివి ఉంటాయి. మెత్తనిది పెద్ద రవ్వలు రాలుస్తుంది, అవి నేలమీద పడ్డాక కూడా కాసేపు మండుతాయి. కాకపోతే త్వరగా అరుగుతుంది. గట్టిది చిన్న రవ్వల జల్లు కురిపిస్తుంది, ఎక్కువ కాలం వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మెత్తనిదే ఇస్తాను.

మెగ్నీషియం దిమ్మకు తనంతట తాను రవ్వ రాదు, పక్కన అతికించిన సన్నటి ఫెర్రోసీరియం ముక్కదే ఆ పని. మెగ్నీషియం రజను భగ్గున మండుతుంది, నిజమే. కానీ నాణెమంత కుప్ప గీకేసరికి చేయి పడిపోతుంది, చిన్న గాలి వీస్తే అదంతా చెదిరిపోతుంది. మండుతున్న మెగ్నీషియం మీద నీళ్లు మాత్రం పోయకండి, మంట మరింత చెలరేగుతుంది.

ప్రశ్న: రవ్వలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. ఎండుగడ్డి, పుల్లలు మాత్రం అంటుకోవడం లేదు. ఇంకా మంచి కడ్డీ కొనాలా?

జవాబు: వద్దు, కడ్డీ తన పని చేసేసింది. రవ్వకు వేడి ఎంతున్నా ఆయుష్షు రెప్పపాటే, పుల్లను వేడెక్కించేంత వ్యవధి దానికి లేదు. వెంట్రుకంత సన్నగా, పూర్తిగా పొడిగా ఉన్న పీచు కావాలి. ఎండుగడ్డిని అలాగే పెట్టకుండా రెండు చేతుల మధ్య నలిపి, పిచ్చుక గూడులా చేయండి. లోపల మెత్తటి పొట్టు, బయట కాస్త మోటు పీచు ఉండాలి. ఎండు బెరడును చాకు వీపుతో గీకితే వచ్చే నూగు ఇంకా మంచిది.

దూది సులువే గానీ ఉండగా నొక్కేసిన దూది మీద రవ్వ పడి ఆరిపోతుంది. దాన్ని పలచగా విప్పదీయాలి. పెట్రోలియం జెల్లీ పట్టించిన దూది నిమిషాల తరబడి మండుతుంది, దాన్ని కూడా విప్పి లోపలి పొడి పోగులు బయటికి తీశాకే రవ్వ తగిలించండి.

ఇక చేతి పని. చాలామంది పలకను కిందికి ఊడ్చేసి, కష్టపడి పేర్చిన పీచును చెల్లాచెదురు చేసుకుంటారు. కడ్డీ కొసను పీచులో ఆనించండి. పలకను దాని మీద నొక్కి కదలకుండా పట్టుకుని, కడ్డీని వెనక్కి లాగండి. వేగం కన్నా ఒత్తిడి ముఖ్యం. నిదానంగా లాగితే రజను మందంగా లేస్తుంది, రవ్వ ఎక్కువసేపు బతుకుతుంది. అగ్గిపుల్లంత చితుకులు, పెన్సిలంత పుల్లలు, బొటనవేలంత కర్రలు ముందే వేరువేరుగా పేర్చి ఉంచుకోవాలి. పీచు మండటం మొదలయ్యాక పుల్లల కోసం పరిగెత్తితే తిరిగొచ్చేసరికి బూడిదే. గీసే ముందు చుట్టూ నేలను ఎండుటాకులు లేకుండా ఊడ్వండి. 3,000 డిగ్రీల రవ్వ ఎటు ఎగిరిపడుతుందో మన చేతిలో ఉండదు.

ప్రశ్న: వానాకాలమంతా సంచిలో ఉండిపోయిన కడ్డీ మీద తెల్లటి పొడి పేరుకుంది. పారేయాలా?

జవాబు: లోపల లోహం గట్టిగా ఉంటే అక్కర్లేదు. గరుకు కాగితంతో ఆ పొరను రుద్దేయండి. ఈ పని ఆరుబయటే చేయండి, రాలిన రజను కుప్పగా చేరనివ్వకండి, అది కూడా మండేదే. కడ్డీ గుల్లబారి పెచ్చులూడుతుంటే మార్చేయడమే.

తడిసిన కడ్డీని తుడిచి వెంటనే గీస్తే రవ్వ వస్తుంది, అదే దీని గొప్పతనం. తడితో అలాగే దాచితే మాత్రం తుప్పు తినేస్తుంది, ఉప్పునీరైతే మరీ త్వరగా. తడి తోలు ఒరలో ఉంచకండి. పలకను కడ్డీకి ఆనించి కట్టేయకండి, తడిలో రెండు లోహాలు తగులుతూ ఉంటే తుప్పు తొందరపడుతుంది. నెలల తరబడి వాడకపోతే గోళ్ల రంగు ఒక పూత వేయండి లేదా నూనె రాయండి, వాడే రోజున గీకేస్తే పోతుంది. పిడిని కూడా ఒకసారి లాగి చూడండి. నాది ఒకసారి చలిలో, సరిగ్గా గీస్తుండగానే ఊడి చేతిలోకొచ్చింది. ఎపాక్సీతో అతికించాను, ఆ తర్వాత కదల్లేదు.

ప్రశ్న: గ్యాస్ లైటర్ ఉండగా ఇదెందుకు?

జవాబు: రెండూ పెట్టుకోండి, ముందు లైటరే వాడండి. లైటర్లోని ఇంధనం బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం దాదాపు మానేస్తుంది. అప్పుడు లైటర్‌ను చొక్కా లోపల ఒంటి వేడికి పెట్టి, ఫైర్‌స్టీల్ బయటికి తీయండి.