నడుము నొప్పి ఉండగా జోడీ స్కేటింగ్‌కు పంపవచ్చా?

ప్రశ్న: మేము టొరంటోలో ఉంటున్నాం. మా అమ్మాయికి 15 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఐస్ మీద ఫిగర్ స్కేటింగ్ చేస్తోంది. ఒక అబ్బాయితో జోడీగా పెయిర్స్‌లోకి రమ్మని ఇప్పుడు కోచ్ అడుగుతున్నారు. నెల రోజులుగా తనకు నడుము నొప్పి. నాలుగు నెలలుగా నెలసరి లేదు. రెండు కిలోలు తగ్గితే అబ్బాయికి తనను ఎత్తడం తేలికవుతుందని రింకులో (స్కేటింగ్ చేసే ఐస్ మైదానంలో) ఎవరో అన్నారట. పంపవచ్చా? – ఒక తల్లి

డాక్టర్ సలహా: పెయిర్స్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు ఆ నడుమును స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా జంప్‌లు, వెన్ను వంచే స్పిన్‌లు ఆపేయాలి.

స్కేటర్లు వెన్నును విల్లులా వెనక్కి వంచి తిరుగుతారు. జంప్ చేసి దిగేది ప్రతిసారీ ఒకే కాలి మీద. ఎదిగే వయసులో ఈ ఒత్తిడికి నడుము దిగువ వెన్నుపూస వెనుక భాగంలో సన్నని చీలిక రావచ్చు. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. వెనక్కి వంగినప్పుడు నొప్పి పెరుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. తొలి దశలో ఇది ఎక్స్‌రేలో దొరకకపోవచ్చు కాబట్టి ఎంఆర్‌ఐ అవసరం పడవచ్చు. త్వరగా గుర్తిస్తే కొన్ని నెలల విశ్రాంతితో చాలామందికి తగ్గుతుంది. నొప్పి మాత్ర వేసుకుని రింకులోకి దిగితేనే ముదురుతుంది.

నెలసరి ఆగడం దీనికి సంబంధం లేని విషయమని అనుకోకండి. ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి లేకపోతే శరీరం మొదట ఆపేసేవాటిలో ఇదొకటి. అలాగే కొనసాగితే ఎముకలు బలహీనపడతాయి. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు ఉన్నాయేమో పరీక్షల్లో తేలాలి. ఆ రెండు కిలోల సలహా ఇచ్చినవారి మాట మాత్రం వినవద్దు. ఎత్తలేకపోతే అబ్బాయి బలం పెంచుకోవాలి, అమ్మాయి అన్నం తగ్గించడం కాదు.

ఇక పెయిర్స్. ఒంటరిగా ఆడేటప్పుడు పడితే తన ఎత్తు నుంచే పడుతుంది. ఇక్కడ జోడీ చాచిన చేతుల మీద నుంచి, హెల్మెట్ లేకుండా, గట్టి ఐస్ మీద పడుతుంది. 2004లో పిట్స్‌బర్గ్ పోటీలో రష్యా స్కేటర్ తతియానా తోత్‌మియానినా లిఫ్ట్ (జోడీ పైకి ఎత్తి పట్టుకునే విన్యాసం) చేస్తూ పడి తల కొట్టుకున్నారు. 2006లో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. అందరూ ఆ స్వర్ణం గురించే చెబుతారు. డాక్టరుగా నా కళ్లకు మాత్రం ఆ తలే కనబడుతుంది. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ ఐస్ మీదకు వెళ్లకూడదు. ఈ నియమాన్ని కోచ్ ఒప్పుకోకపోతే ఆయన దగ్గర పెయిర్స్ వద్దు. కొత్త లిఫ్ట్ ఏదైనా ముందు నేల మీద, మెత్తని పరుపుల మీదే నేర్పాలి.

తొందర కూడా లేదు. అంతర్జాతీయ సీనియర్ పోటీలకు కనీస వయసు ఇప్పుడు 17. డియానా స్టెల్లాటో-డ్యూడెక్ అనే స్కేటర్ గాయాలతో 2001లో ఆట మానేశారు. 2016లో పెయిర్స్‌తో తిరిగొచ్చి, 2024లో మాంట్రియల్‌లో మీ కెనడా తరఫునే 40 ఏళ్ల వయసులో ప్రపంచ విజేత అయ్యారు. మీ అమ్మాయికి ఆరు నెలల విరామం నష్టమేమీ కాదు.

వెళ్లేటప్పుడు స్కేటింగ్ బూట్లు, ఫోనులో జంప్ దిగే వీడియో తీసుకువెళ్లండి. ఈలోగా కాళ్లలో తిమ్మిరి, బలహీనత వచ్చినా, మూత్రం అదుపు తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి.