లడఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. మరి వారం రోజులు ఎలా?

అమ్మానాన్నల్ని హైదరాబాద్‌లో ఉంచి మీ ఇద్దరూ వారం రోజులు లడఖ్ వెళ్తున్నారు, అక్కడ ఫోన్, నెట్ లేకుండా ఎలా అని అడిగారు. డబ్బులు, దారి సంగతి ఒక పూటలో తేలిపోతాయి. ఇంట్లో ఉండిపోయేవాళ్ళ సంగతే ఎవరూ ఆలోచించరు. దాని గురించి కింద వివరంగా రాశాను.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో గానీ లడఖ్‌లో గానీ పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లో ప్రీపెయిడ్ సిమ్ కొనుక్కుని లేహ్ విమానం ఎక్కేవాళ్ళకీ ఇదే తిప్పలు. ప్యాకేజీ అమ్మేవాళ్ళు గదిలో గీజర్ ఉందని రెండుసార్లు చెబుతారు, ఈ ఒక్క ముక్క మాత్రం చెప్పరు. మీ ఇద్దరిలో ఒకరు ముందే పోస్ట్‌పెయిడ్‌కి మారితే చాలు. ఓటీపీతోనే అయిపోతుంది, కానీ మళ్ళీ వెంటనే వెనక్కి మారనివ్వరు. పోస్ట్‌పెయిడ్ ఉన్నా లేహ్ దాటాక దాన్ని నమ్ముకోకండి. ఖార్దుంగ్ లా, చాంగ్ లా కనుమల దారుల్లో చాలాసేపు సిగ్నల్ ఉండదు. ఊళ్ళలో ఒక కంపెనీ టవర్ ఉంటే ఇంకో కంపెనీది ఉండదు.

ఎక్కువమంది ఇరుక్కునేది యూపీఐ దగ్గర. హోటల్ వైఫై ఉంటే పిన్ కొట్టి డబ్బు పంపొచ్చు, దానికి ఓటీపీ అక్కర్లేదు. అయితే యాప్ నుంచి లాగౌట్ అయినా, సిమ్ బయటికి తీసినా, ఫోన్ మార్చినా మళ్ళీ ఆ సిమ్ నుంచి మెసేజ్ పోవాలి. మూగబోయిన ప్రీపెయిడ్ నుంచి అది పోదు, ఇక ఇంటికి వచ్చేదాకా యాప్ తెరుచుకోదు. లేహ్‌లో లోకల్ సిమ్ కొన్నా రెండో స్లాట్‌లోనే వేయండి, పాతది కదపొద్దు. వాట్సాప్ కూడా అంతే, తీసేసి మళ్ళీ ఎక్కించకపోతే వైఫై మీద నడుస్తుంది. కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టాలంటే ఓటీపీ కావాలి కాబట్టి హోటల్, బండి డబ్బులు బయల్దేరకముందే కట్టేయండి. మిగతా ఖర్చుకి మీరు వేసుకున్న లెక్కకు ఒకటిన్నర రెట్లు నగదు ఉంచుకోండి, అందులో వంద, రెండొందల నోట్లు ఎక్కువ ఉండాలి. ఏటీఎం పని లేహ్ బజారులోనే ముగించండి.

మ్యాప్ ఇంటి దగ్గరే దించుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ కనిపిస్తుంది. లేహ్, నుబ్రా లోయలోని దిస్కిత్, తుర్తుక్, పాంగాంగ్ సరస్సు అన్నీ వచ్చేలా చతురస్రం లాగండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి పరీక్షించండి. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, ఆరుబయట కొన్ని నిమిషాలు ఓపిక పడితే చాలు. దారి మూసేశారో లేదో మాత్రం మ్యాప్ చెప్పలేదు. అది లేహ్ టాక్సీ స్టాండ్‌లో అడగాల్సిందే. సిగ్నల్ లేనిచోట ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచండి, లేకపోతే టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోతుంది. చలికి కూడా బ్యాటరీ దిగిపోతుంది, రాత్రి పవర్ బ్యాంకునీ ఫోన్‌నీ దుప్పట్లో పెట్టుకోండి.

ఇక ఇంటివాళ్ళ సంగతి. ఒక కాగితం మీద తేదీ వారీగా ఏ ఊరు, ఏ హోటల్, వాళ్ళ నంబరు, బండి నంబరు, డ్రైవర్ పేరు రాయండి. ప్రతి తేదీ పక్కన "ఆ రోజు ఫోన్ వస్తుంది" లేదా "రాదు" అని తప్పకుండా రాయండి. కింద ఇంకో మాట: "నుబ్రాలో రెండు రాత్రులూ ఫోన్ రాదు. లేహ్ తిరిగొచ్చాక రాత్రి తొమ్మిదిలోపు చేస్తాం. మర్నాడు మధ్యాహ్నం దాకా రాకపోతే ముందు హోటల్‌కి, తర్వాత బండి యజమానికి చేయండి." మధ్యాహ్నం దాకా గడువు ఎందుకంటే, మంచు పడో కొండచరియ విరిగో కనుమ ఒక పూట మూసేయడం అక్కడ మామూలే. "వీలైనప్పుడు చేస్తాంలే నాన్నా" అని వెళ్ళిపోవడం మాత్రం చాలా తప్పు. పెద్దవాళ్ళు వారం రోజులు నిద్రపోరు, బీపీ మాత్రలు కూడా మర్చిపోతారు. అదే కాగితం నకలు మీ ఇద్దరి జేబుల్లో విడివిడిగా ఉండాలి. ఒకరి నంబరు ఒకరికి నోటికి రాని జంటలు ఈ రోజుల్లో ఎంతమందో!

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, పాంగాంగ్ 4,200 పైన. ఆ ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడేలా మొదటి రెండు రోజులు లేహ్‌లోనే ఉండి విశ్రాంతి తీసుకోండి. తలనొప్పి తగ్గకపోతే, వాంతులైతే, నడక తూలితే డాక్టర్‌ని ఫోన్‌లో అడుగుదామని ఆగొద్దు, వెంటనే కిందికి దిగాలి. ఫోన్‌లో 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని కనిపిస్తే 112 కొట్టి చూడండి.

విదేశాల నుంచి బంధువులు కలుస్తుంటే, శాటిలైట్ ఫోన్, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి తేవద్దని ముందే చెప్పండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి దగ్గర ఉంచుకోవడమే నేరం. విమానాశ్రయాల్లో పర్యాటకుల్ని ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి.