అమ్మ ఇచ్చిన మరచెంబు ఎవరిది?

సందేహం: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా అమ్మ సారెతో తెచ్చుకున్న ఇత్తడి మరచెంబును 2015 పుష్కరాలలో గోదావరి నీళ్లతో నింపి, ‘ఇక ఇది నీదేనే’ అని నా చేతికిచ్చింది. దాని మెడ కింద అమ్మ పేరు చుక్కలతో కొట్టించి ఉంది. అమ్మ మంచాన పడినప్పుడు ఆమె తృప్తి కోసం పుట్టింటికి తెచ్చి ఉంచాను. ఆమె పోయాక గత సంక్రాంతికి అడిగితే, పెళ్లిలోనే నాకు రావలసింది ముట్టిందంటూ అన్నయ్య ఇవ్వలేదు. అంతకుముందే కాలం చేసిన నాన్నగారి చేతి గడియారమూ ఆయన దగ్గరే ఉంది. వీలునామాలు లేవు. ఇంత చిన్న వస్తువులకు చట్టం పలుకుతుందా?

సమాధానం: పలుకుతుంది. అయితే ఆ రెండింటి మీదా మీకున్న హక్కు ఒకటి కాదు.

చరాస్తి దానానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి కాదని, వస్తువును అప్పగించి అవతలివారు స్వీకరిస్తే చాలునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ‘నా తదనంతరం నీదే’ అని ఊరికే అని ఉంటే అది దానం కాకపోయేది. మీ అమ్మగారు చేతికిచ్చారు, మీరు ఇంటికి తీసుకువెళ్లారు, కనుక ఆమె బతికుండగానే అది మీ సొంతమైంది, వారసుల వాటాల్లోకి రాదు. పాత్రల మీద పేరు కొట్టించడం మన పెద్దల ముందుచూపే గానీ, ఆ చుక్కల వల్ల చెంబు అమ్మగారిదని తేలుతుంది తప్ప మీకిచ్చారని తేలదు. అందుకు ఆనాడు పుష్కర రేవులో మీ వెంట ఉన్న బంధువుల సాక్ష్యమో, మీ ఇంట్లో చెంబు కనబడే పాత ఫొటోలో కావాలి.

అన్నగారు పాత ఇత్తడికి ధర కట్టి ఇస్తానన్నా మీరు ఒప్పుకోనక్కరలేదు. డబ్బుతో తీరని వస్తువైతే దానినే అప్పగించమని ఆదేశించే అధికారం 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. దాచమని ఉంచిన వస్తువు కోసం దావా వేయడానికి గడువు, మీరు అడిగాక ఆయన నిరాకరించిన నాటినుంచి మూడేళ్లు.

గడియారం అలా కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి ఆస్తిలో భార్యకు, కొడుక్కు, కూతురికి సమాన వాటాలు. అమ్మగారి వాటా కూడా పిల్లలకే వస్తుంది కాబట్టి, మీరిద్దరే సంతానమైతే చెరిసగం. పెళ్లిలో పెట్టిన కట్నకానుకలు ఆ సగాన్ని చెరిపివేయవు. కానీ గడియారాన్ని ముక్కలు చేయలేము గదా, దాని ఒక్కదానికోసం భాగపరిష్కార దావా వేయమని నేను చెప్పను. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది; మీ ప్రాంతపు న్యాయ సేవా సంస్థలో అర్జీ పెడితే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో అన్నగారిని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు.

అంతకంటే ముందు చెంబు ఒక్కదానికే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో గడియారం ఊసెత్తకండి. రెండూ కలిపితే ఇది వాటాల తగాదాగా కనబడి, చెంబు మీద మీకున్న పూర్తి హక్కు పలచబడుతుంది.